పసుపు కణాల నుండి పట్టణాల దాకా: పాట్రిక్ గెడ్డిస్ జీవితం

పల్నాటి వేసవిని గురించి మా విద్యార్థులకు మేము వేరుగా చెప్పవలసిన పని లేదు. మన పొరుగున ఉన్న రెంటచింతల పేరు రాష్ట్రమంతటా ఎండలకు మారుపేరుగా నిలిచిపోయింది. కారంపూడిలో నాగులేరు అడుగంటి రాళ్లు పైకి తేలిన రోజుల్లో పశువులు నీడ కోసం, మనుషులు నీటి కోసం వెదకడం మనమందరం ఎరిగినదే. 2024 వేసవిలో అటువంటి ఒక మధ్యాహ్నం ఒక విద్యార్థిని వార్తాపత్రికలోని ఒక తునకను కత్తిరించి తెచ్చి మా చేతికిచ్చింది. సముద్రాలు వేడెక్కి పగడాలు తెల్లబడుతున్నాయని, కొన్ని జాతుల జెల్లీ చేపలకు కూడా ఆ ఆపద ఉన్నదని అందులోని సారాంశం. నీరు కాస్త వేడెక్కినంత మాత్రాన ప్రాణి రంగు ఎందుకు పోవాలన్నది ఆమె సందేహం. మేము తెలుగు బోధించేవారమే కాని శాస్త్రజ్ఞులం కాము. కనుక జీవశాస్త్రం బోధించే మిత్రుని ఆశ్రయించాము. ఆయన ఇచ్చిన పుస్తకాలు తిరగవేస్తుండగా మాకు ఒక పేరు ఎదురైంది. ఆ పేరు పాట్రిక్ గెడ్డిస్.

ఈయనను పట్టణ నిర్మాణ శాస్త్రానికి మూలపురుషులలో ఒకరుగా లోకం ఎరుగును. జెల్లీ చేపల శరీరంలోని పసుపు కణాల మర్మాన్ని విప్పిన తొలితరం పరిశోధకులలో కూడా ఆయన ఒకరన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఈ రెండు పనులకూ నడుమ ఉన్న బంధాన్ని చూపడమే ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

గెడ్డిస్ 1854 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని బాలటర్ అనే చిన్న ఊరిలో జన్మించారు. సరిగ్గా 15 ఏళ్ల తరువాత అదే తేదీన మన జాతిపిత జన్మించడం కాకతాళీయమే అయినా ముచ్చటైన విషయం. తండ్రి సైనికుడు. బాల్యమంతా పెర్త్ పట్టణపు శివారులో, కొండవాలులో, తోటపనిలో గడిచింది. చదువు ముగిసిన తరువాత తండ్రి కోరిక మేరకు కొంతకాలం బ్యాంకులో ఉద్యోగం చేశారు గాని ఆ లెక్కలలో మనసు నిలువలేదు. వృక్షశాస్త్రం చదవాలని 1874లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి బోధన నచ్చక వారం రోజులకే విడిచివచ్చారు. లండనుకు వెళ్లి, నాటి జీవశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన హక్స్‌లీ వద్ద శిష్యరికం చేశారు. విశేషమేమంటే ఆయన తన జీవితంలో ఏనాడూ పరీక్షలు రాసి పట్టా పుచ్చుకోలేదు. మా విద్యార్థులు దీనిని ఆదర్శంగా తీసుకోరని ఆశిస్తాము. పట్టా లేకున్నా ఆయన చదువు మానలేదన్నది ఇక్కడ గ్రహించవలసిన సంగతి.

1878లో ఆరోగ్యం చెడి, విశ్రాంతి కోసం ఫ్రాన్సు దేశపు సముద్రతీరంలోని రాస్కాఫ్ పరిశోధనా కేంద్రానికి చేరారు. ఆ తీరాన ఆటుపోటుల నడుమ, తడి ఇసుక మీద, పచ్చని మరకలవలె కనిపించే సన్నని పురుగులు ఉంటాయి. ఎండ కాసినప్పుడు అవి పైకి వచ్చి వెలుగులో పరచుకుంటాయి. జంతువుకు ఆకుపచ్చ రంగు ఎందుకు? ఈ చిన్న ప్రశ్న గెడ్డిస్‌ను పట్టుకున్నది. ఆ పురుగులను నీటి పాత్రలో ఉంచి ఎండలో పెట్టగా సన్నని బుడగలు పైకి లేచాయి. ఆ వాయువును పోగుచేసి పరీక్షించగా అందులో సగానికి దగ్గరగా ప్రాణవాయువే ఉన్నట్లు తేలింది. ఆకు చేసే పని ఒక జంతువు శరీరంలో జరుగుతున్నదన్నమాట. ఆ పచ్చదనం పురుగు సొంతమా, లేక లోపల కాపురమున్న మరొక జీవిదా అన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

ఆ ఫ్రాన్సులోనే ఆయనకు మరొక సంపద లభించింది. పారిస్‌లో లెప్లే అనే సామాజిక శాస్త్రజ్ఞుని సిద్ధాంతాలు ఆయన చెవిన పడ్డాయి. మనిషిని అర్థం చేసుకోవాలంటే అతడు నివసించే చోటును, చేసే పనిని, చుట్టూ ఉన్న జనాన్ని కలిపి చూడాలన్నది ఆ సిద్ధాంతపు సారం. ఇసుక మీది పురుగును గురించి గెడ్డిస్ అడిగిన ప్రశ్న కూడా ఇంచుమించు ఇదే.

1879లో శాస్త్ర పరిశోధన కోసం మెక్సికో వెళ్లిన గెడ్డిస్‌కు అక్కడ ఒక ఘోర విపత్తు సంభవించింది. కళ్లకు జబ్బు చేసి చూపు పోయింది. వారాల తరబడి చీకటి గదిలో, కళ్లకు కట్టుతో పడి ఉండవలసి వచ్చింది. సూక్ష్మదర్శినియే జీవనాధారమైన ఇరవై అయిదేళ్ల యువకునికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? ఒకనాడు ఆ గదిలో కిటికీ అద్దాల నడుమ ఉన్న కొయ్య పట్టీలు చేతికి తగిలాయట. ఆ గళ్లను తడుముతూ ఆలోచనలను కూడా గళ్లుగా అమర్చుకోవచ్చునని ఆయనకు తోచింది. తరువాత కాగితాలను మడిచి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క భావాన్ని ఉంచి, వాటి పరస్పర సంబంధాలను పరిశీలించే పద్ధతిని జీవితాంతం పాటించారు. చూపు తిరిగి వచ్చింది గాని, గంటల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూర్చునే శక్తి మునుపటివలె రాలేదు.

అయినప్పటికీ ఆయన ఆ ప్రశ్నను వదలలేదు. ఎడింబరోలో బోధిస్తూనే, ఇటలీలోని నేపుల్స్ సముద్ర పరిశోధనా కేంద్రంలో పసుపు కణాలను గురించి పని సాగించారు. సముద్రంలో తేలే సూక్ష్మజీవులలోను, సముద్ర పుష్పాలనబడే జీవులలోను, కొన్ని జెల్లీ చేపలలోను పసుపు వన్నె గల గుండ్రని కణాలు కనిపిస్తాయి. అవి ఆ జంతువు అవయవాలేనని కొందరు, జబ్బు చేసి లోపలికి చేరిన పరాన్నజీవులని కొందరు భావించేవారు. గెడ్డిస్ 1882లో ప్రకటించిన వ్యాసంలో వాటికి మొక్కలకున్నట్లే కణకవచమూ, పిండిపదార్థమూ ఉన్నాయని, అవి ఉన్న జంతువులు వెలుగులో ప్రాణవాయువును విడుస్తాయని వివరించారు. అవి జంతువులో భాగాలు కావు, దాని రోగమూ కావు. లోపల కాపురమున్న శైవలాలు. జంతువు విడిచే బొగ్గుపులుసు వాయువు, వ్యర్థాలు శైవలానికి ఆహారం. శైవలం తయారుచేసే పిండిపదార్థం, ప్రాణవాయువు జంతువుకు ఆహారం. ఒకరి ఎంగిలి మరొకరికి విందు.

ఆ కణాలకు ఆయన ఫిలోజూన్ అని పేరు పెట్టారు. జంతువును ప్రేమించేది అని దాని అర్థం. జెల్లీ చేపలలో నివసించే వాటికి ప్రత్యేకంగా ఒక జాతి నామం కూడా ఇచ్చారు. అయితే జర్మనీకి చెందిన కార్ల్ బ్రాండ్ట్ అంతకు ముందు ఏడాదే ఆ కణాలకు జూజాంథెల్లా అని నామకరణం చేసి ఉన్నందున, ఎవరు ముందన్న వివాదం చెలరేగింది. లోకంలో బ్రాండ్ట్ పెట్టిన పేరే నిలిచింది. గెడ్డిస్ పెట్టిన పేరు నూట నలభై ఏళ్లు పుస్తకాల అడుగున పడి ఉన్నది. ఇటీవల జన్యు పరీక్షల ఆధారంగా ఈ శైవలాలను తిరిగి వర్గీకరించిన శాస్త్రజ్ఞులు, చల్లని తీరాలలో కొన్ని సముద్ర పుష్పాలలోను, జెల్లీ చేపలలోను నివసించే ఒక వర్గానికి ఫిలోజూన్ అన్న పేరును పునరుద్ధరించారు. మరణించిన తొంభై ఏళ్లకు ఒక శాస్త్రజ్ఞునికి జరిగిన న్యాయమిది.

ఇక మా విద్యార్థిని సందేహానికి సమాధానం ఈ కాపురంలోనే ఉన్నది. శైవలం వెలుగును పట్టి ఆహారం వండుతుంది. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు ఆ వంటసాల చెడిపోతుంది. పట్టిన వెలుగును వినియోగించుకోలేక, సాధారణ ప్రాణవాయువుకు బదులు కణాలను కాల్చివేసే దాని తీవ్ర రూపాలు పుట్టుకొస్తాయి. ఏ వాయువును చూసి గెడ్డిస్ ఆనందించారో ఆ వాయువే రూపు మారి విషమవుతుంది. అప్పుడు ఆతిథ్యమిచ్చిన జంతువు తన అతిథులను బయటికి నెట్టివేస్తుంది, లేదా లోపలనే నశింపజేస్తుంది. రంగు శైవలాలది కనుక అవి పోగానే రంగు పోతుంది. పగడాలలో తెల్లని సున్నపు అస్థిపంజరం బయటపడుతుంది. ఎముక లేని జెల్లీ చేప మాత్రం పాలిపోయి అద్దమువలె పారదర్శకమవుతుంది. రోజువారీ ఆహారంలో పెద్ద భాగం కోల్పోయి చిక్కిపోతుంది. పగడాల విషయంలో, ఆ చోట మామూలుగా ఉండే గరిష్ఠ వేసవి వేడి కంటే 1 డిగ్రీ హెచ్చి కొన్ని వారాలు నిలిచినా ఈ ప్రమాదం ఆరంభమవుతుంది. 1998లోను, 2010లోను, 2016లోను మన దేశపు మన్నారు సింధుశాఖలో ఇదే జరిగింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ విద్యార్థిని తెచ్చిన వార్త అదే.

జెల్లీ చేపలన్నీ ఒక్క తీరుగా బాధపడవు. కాసియోపియా అనే జాతి లోతులేని వెచ్చని నీటిలో, అడుగున వెల్లకిలా పడుకొని, తనలోని శైవలాలకు ఎండ తగిలేటట్లు చేతులు పైకి చాపి ఉంటుంది. శైవలం లోపల చేరితే గాని దాని బాల్యరూపం సాధారణంగా పెద్ద జెల్లీ చేపగా మారదు. అనేక పగడాల కంటే ఇది వేడిని ఎక్కువగా ఓర్చుకుంటుంది గాని, ఆ ఓర్పుకూ హద్దున్నది. పసిఫిక్ సముద్రంలోని పలావు దీవులలో ఒక ఉప్పునీటి సరస్సు ఉన్నది. అక్కడి బంగారు వన్నె జెల్లీ చేపలు లక్షల సంఖ్యలో సూర్యుని వెంట ప్రతిదినం సరస్సులో ఈదుతాయి. 1998లో ఎల్ నినో వేడికి అవి కంటికి కనిపించకుండా పోయాయి. అడుగున అంటుకొని ఉన్న బాల్యరూపాలు బ్రతికి ఉన్నందున, నీరు చల్లబడిన తరువాత 2000 నాటికి మళ్లీ కనిపించాయి. 2016 కరువులో మరల అదే గతి పట్టి, తరువాతి సంవత్సరాలలో తేరుకున్నాయి. వేరు మిగిలితే కాపురం మళ్లీ నిలబడుతుందన్నమాట.

గెడ్డిస్ జీవితానికి తిరిగి వద్దాము. సూక్ష్మదర్శిని పూర్తిగా దూరమైన తరువాత ఆయన దృష్టి మనుషుల కాపురం మీదికి మళ్లింది. 1886లో అన్నా మోర్టన్‌ను వివాహమాడి, సుఖంగా ఉండదగిన వీధులను విడిచి, ఎడింబరో పాతబస్తీలో మురికివాడగా మారిన జేమ్స్ కోర్టులో కాపురం పెట్టారు. చుట్టుపక్కలవారితో కలిసి గోడలకు సున్నాలు వేశారు, చెత్త ఎత్తారు, పూలకుండీలు పెట్టారు. ఇళ్లను కూలగొట్టి జనాన్ని వెళ్లగొట్టే పద్ధతికి బదులు, కూలదగిన ఒకటి రెండు గోడలు మాత్రం తీసి గాలి వెలుతురు రానిచ్చే పద్ధతిని అక్కడే నేర్చుకున్నారు. 1887లో విద్యార్థులే తమ వ్యవహారాలను నడుపుకొనే వసతిగృహాన్ని నెలకొల్పారు. 1888 నుండి 1919 వరకు డండీ కళాశాలలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా ఉన్నారు. 1892లో ఎడింబరో కోట సమీపంలోని ఒక బురుజును ప్రదర్శనశాలగా మార్చారు. మొదట నగరాన్ని పైనుండి చూపి, తరువాత ఒక్కొక్క అంతస్తు దిగుతూ స్కాట్లండును, ఐరోపాను, ప్రపంచాన్ని చూపే ఏర్పాటు అది.

ఆయనలో లోపాలు లేకపోలేదు. థామ్సన్‌తో కలిసి 1889లో రచించిన గ్రంథంలో స్త్రీపురుష స్వభావాలను కణాల తత్త్వం నుండి నిర్ణయించబోయిన తీరు నేడు ఎవరికీ సమ్మతం కాదు. మొదలుపెట్టిన పనులు సగంలో విడిచి మరొక పనికి పరుగెత్తేవారు. ఆయన ప్రసంగాలు గడ్డంలోనే ఇంకిపోతాయని శ్రోతలు వాపోయేవారు. ఆయన వేసిన ప్రణాళికలలో అమలు కానివి కూడా చాలా ఉన్నాయి.

1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండు ఆహ్వానం మేరకు గెడ్డిస్ భారతదేశానికి బయలుదేరారు. ఎన్నో ఏళ్లు శ్రమించి పోగుచేసిన పటాలు, నమూనాలు గల ప్రదర్శన వేరొక ఓడలో వస్తున్నది. సెప్టెంబరులో మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌకయే అక్టోబరులో ఆ ఓడను కూడా ముంచివేసింది. జీవితకాలపు శ్రమ సముద్రం పాలైంది. మిత్రులు ఇంగ్లండులో హడావిడిగా కొత్త పటాలు సమకూర్చి పంపగా, 1915లో మద్రాసులో ప్రదర్శన జరిగింది. ఆనాడు గుంటూరు జిల్లా, అందులోని మన పల్నాడు, మద్రాసు రాజధానిలోని భాగాలే.

తరువాత ఆయన మద్రాసు రాజధానిలోని పట్టణాలు మొదలుకొని దేశంలోని అనేక పట్టణాలను కాలినడకన చూచి నివేదికలు రాశారు. వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వరాదని, ఊరిని చూడకుండా పటం గీయరాదని ఆయన పట్టుదల. మలేరియా భయంతో చెరువులను, కోనేరులను పూడ్చివేయడం నాటి అధికారుల వాడుక. గెడ్డిస్ దానిని గట్టిగా వ్యతిరేకించారు. చెరువును శుభ్రపరచి, దోమపిల్లలను తినే చేపలను అందులో వదిలితే రోగమూ పోతుంది, నీరూ నిలుస్తుంది, ఊరికి చల్లదనమూ దక్కుతుందన్నది ఆయన వాదం. వీధులు వెడల్పు చేయడానికి చెట్లనూ, పేదల ఇళ్లనూ బలిపెట్టడాన్ని కూడా అట్లే నిరసించారు.

ఇందోరులో జరిగిన ఒక సంఘటన చెప్పుకోదగినది. ఆ నగరాన్ని ప్లేగు, మలేరియా పీడిస్తున్నాయి. పటాలు పట్టుకొని వీధులలో తిరిగే ఈ గడ్డపు దొర ఇళ్లు కూలగొట్టిస్తాడని జనం భయపడి ముఖం చాటేశారు. గెడ్డిస్ మహారాజును ఒప్పించి దీపావళి ఉత్సవాన్ని నడిపే అధికారం పుచ్చుకొని, బాగా శుభ్రపడిన వీధుల గుండానే ఊరేగింపు సాగుతుందని చాటింపు వేయించారు. వాడవాడలా పోటీపడి చెత్తను బండ్లకెత్తారు. ఊరేగింపులో ప్లేగుకు గుర్తుగా పెద్ద ఎలుకను, మలేరియాకు గుర్తుగా దోమను చేయించి ఊరేగించి తగులబెట్టారు. పాకీపనివారు తెల్లని బట్టలు ధరించి, పూలదండలతో, కొత్త చీపుళ్లతో తలెత్తుకొని అందులో నడిచారు. ఆనాటి సమాజంలో అది చిన్న సంగతి కాదు.

1917వ సంవత్సరం ఆయనకు తీరని దుఃఖాన్ని మిగిల్చింది. పెద్ద కుమారుడు అలస్టర్ ఏప్రిల్‌లో ఫ్రాన్సు యుద్ధభూమిలో మరణించాడు. ఆ సమయంలో అన్నా భారతదేశంలో విషజ్వరంతో మంచం పట్టి ఉన్నది. కొడుకు మరణవార్త ఆమెకు చెప్పే ధైర్యం గెడ్డిస్‌కు లేకపోయింది. జూన్‌లో ఆ సంగతి తెలియకుండానే ఆమె కన్నుమూసింది. దుఃఖాన్ని పనిలో ముంచుకొని 1918లో ఇందోరు నివేదికను ప్రచురించారు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యులయ్యారు. మొక్కలకూ స్పందన ఉన్నదని ప్రయోగాలతో చూపిన జగదీశ చంద్ర బోసు జీవితచరిత్రను 1920లో వెలువరించారు. రవీంద్రనాథ ఠాకూరుకు ఆప్తమిత్రుడయ్యారు.

మా కళాశాలకు మరింత దగ్గరైన సంగతి ఒకటున్నది. 1918లో హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆరంభమైంది. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని చాటిన ఆ సంస్థ మొదట అద్దె భవనాలలో నడిచింది. దానికి శాశ్వతమైన చోటు వెదికి చూపే పనిని నిజాం ప్రభుత్వం గెడ్డిస్‌కు, వాస్తుశిల్పి జాస్పర్‌కు అప్పగించింది. గెడ్డిస్ పరిశీలించి 1923 నాటికి నివేదిక సమర్పించారు. 1934లో శంకుస్థాపన జరిగింది. కళాశాల భవనం 1939లో ప్రారంభమయ్యేనాటికి ఆయన జీవించి లేరు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు తరాల తరబడి చదువుకొన్న ఆ ఆవరణ చరిత్రలో, జెల్లీ చేపల కాపురాన్ని పరిశీలించిన ఆ కళ్లకు కూడా చోటున్నది.

1924లో ఆయన భారతదేశాన్ని విడిచి ఫ్రాన్సులోని మాంపెల్లియెలో విద్యార్థుల కోసం ఒక నివాస కళాశాలను నిర్మించుకొన్నారు. 1932లో సర్ బిరుదు స్వీకరించి, అదే సంవత్సరం ఏప్రిల్ 17న అక్కడే తుదిశ్వాస విడిచారు.

ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగిందని మాకు తోస్తున్నది. వేర్వేరు పుట్టుక గల ప్రాణులు ఒకే ఇంట ఎట్లా బ్రతుకుతాయి? పురుగులోనైనా, జెల్లీ చేపలోనైనా, మురికివాడలోనైనా, ఇందోరు వీధిలోనైనా ఆయన వెదికినది దీనికి సమాధానమే. మంచి మనసులు మాత్రమే కాక, తగిన నీరు, నీడ, వెలుతురు, శుభ్రత కూడా ఆ కాపురానికి కావాలని ఆయన గ్రహించారు. జెల్లీ చేపకు తన శైవలం మీద ద్వేషం పుట్టి వెళ్లగొట్టడం లేదు. చుట్టూ ఉన్న నీరు వేడెక్కడం వల్ల ఒకరికొకరు భారమవుతున్నారు.

ఈ సంగతి కారంపూడి వారికి కొత్త కాదు. అన్ని కులాలవారిని ఒక్క చాప మీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని కథ ఈ నేలదే. దాయాదులు ఒకరినొకరు నరుక్కొన్న యుద్ధమూ ఈ నేల మీదనే జరిగింది. కార్తిక మాసంలో వీరుల ఉత్సవాలు జరిగినప్పుడు మనం రెండింటినీ తలచుకుంటాము. కలిసి తినడం ఎంత సహజమో, వేడి పెరిగితే విడిపోవడం కూడా అంత సులభమని ఆ కథ చెబుతున్నది.

విద్యార్థులకు మా విన్నపం పెద్దది కాదు. సముద్రాన్ని చల్లబరచే పని ఏ ఒక్క ఊరివల్లనో అయ్యేది కాదు. అయినా ఊరి చెరువు పూడిపోకుండా చూడడం, కళాశాల ఆవరణలో నాటిన వేపమొక్కకు వేసవి సెలవులలో నీళ్లు పోసే వంతు వేసుకోవడం మన చేతిలో ఉన్నవి. ఉర్దూ చదివే విద్యార్థీ తెలుగు చదివే విద్యార్థీ ఆ మొక్క వద్ద కలుసుకుంటే మరీ మంచిది. కళాశాల కమిటీ పెద్దలు ఈ వంతుల పట్టికను సూచనల పలక మీద పెట్టడానికి అనుమతిస్తే, మొదటి వారానికి మా పేరు రాసుకోవలసిందిగా కోరుతున్నాము.